నాలుగిరువైల పదమూడు

కొత్తవాడ సందుల కరెంటు పోయిన రాత్రి
సెల్‌ఫోన్ వెలుగుల అంకెలు వల్లె వేస్తున్న.
అరవై దాకా బాగనే నడిచింది.
ఆడికి ఫ్రెంచోళ్ల దగ్గర అంకెలు ఒడిసినయో ఏమో
డెబ్బైని అరవై-పది అన్నరు
ఎనభైని నాలుగిరువైలు అన్నరు
తొంభైమూడు కావాలంటే
నాలుగిరువైల మీద పదమూడు ఏసుకోవాలె.

కత్ర్ వ్యాఁ త్రేజ్
కత్ర్ వ్యాఁ త్రేజ్

"ఏందే ఆ జపం?"
చీకట్లకెళ్లి నానమ్మ.
అర్థం చెప్పిన.
కొంచెంసేపు సప్పుడు లేదు.
"ఎవలే వాళ్లు, మనోళ్లేనా?"

మా నానమ్మ ఆండాలుకు
ఇరవై దాటి అంకె రాదు.
నేసిన జంపఖానాలు షావుకారి అరుగు మీద పరిచి
చేతివేళ్లు, కాలివేళ్లు అయిపోంగనే
ఒక చింతగింజ పక్కకు పెట్టేది.
నాలుగు గింజలు, పదమూడు వేళ్లు.
షావుకారు చిట్టాల తొంభై అని రాసుకునేటోడు.
"నా లెక్క తప్పు కాదు" అనేది నానమ్మ
ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కొని, పొయ్యి ముట్టిచ్చినంక.

రాసి ఉండి పలకని అక్షరాలు
ఈ భాషల శానా ఉంటయని
మొదటి వారమే చెప్పిండు సుగుణాకర్ సారు.
నాకు కొత్తగ అనిపియ్యలే.

హన్మకొండ చౌరస్తల ఆటో మారి
నయీంనగర్ దాటి యూనివర్సిటీకి పోతే
మా క్లాసుల ఏడుగురమే.
ఫ్యాను కింది బెంచీ కోసమే కొట్లాట.
ముక్కుతోని పలికే సప్పుళ్లకు
మన బళ్లె ఎప్పుడో పింఛను తీసుకున్న అరసున్నను
మళ్ల కొలువుకు పిలిచి నోట్సుల పెట్టుకున్న.
"దీంతోని ఏం కొలువొస్తదే?" అని
మా పెద్దబాపు అడుగుతనే ఉంటడు.
అరసున్నకైతే వచ్చింది పెద్దబాపు.

ఓనాడు క్లాసుల దుకాణం ఆట.
సాదిక్ షావుకారు, నేను అమ్మవచ్చిన మనిషిని.
"మదామ్" అన్నడు సాదిక్.
"వూ" అన్నడు. మీరు.
ఎన్ని తెచ్చిన్రని అడిగిండు.
కత్ర్ వ్యాఁ త్రేజ్, అన్న.
రాసుకున్నడు. సారు చూసిండు.
తొంభైమూడుకు తొంభైమూడు.
తర్వాత నా వంతు "థాంక్స్" చెప్పాల్సింది
గొంతుల ఏదో అడ్డం పడ్డది.
'ర'కారం కోసమనుకొని
"బాగుంది, లోపల్నుంచే వచ్చింది" అని
మెచ్చుకున్నడు సారు.

రెండో సెమిస్టర్ల నవల మొదలైంది.
కథ అల్లికను వాళ్లు 'త్రామ్' అంటరట.
డిక్షనరీ తిరగేస్తే
ఆ మాటకు మొదటి అర్థం పేక.
మగ్గం మీది పేక!
పక్క మాట పడుగు: 'షెన్'.
దానికే గొలుసని ఇంకో అర్థం.
ఇంటికి ఉరికొచ్చి చెప్పిన.
గుంటమగ్గం ఇప్పుడు లేదు,
గుంటను పూడ్చి కూలర్ పెట్టినం.
ఆ కూలర్ దిక్కు చూసుకుంట
"గొలుసే మరి" అన్నది నానమ్మ.
"ఏడికన్న పోనిచ్చిందా నన్ను?"

ఈ రాత్రి నిద్ర పట్టక
నా పాఠం తనే మొదలువెట్టింది.
పండ్లు లేని నోటితోని
"వ్యాఁ" అన్నది.
నేను ఆర్నెల్ల సంది తిప్పలు పడుతున్న సప్పుడు
పొగాకు పీల్చినంత అల్కగ వచ్చింది.

"మరి నూరుకేమంటరే? ఐదిరువైలా?"

లేదు నానమ్మ, దానికి వేరే మాటుంది.
సాఁ.

"అట్లెట్ల?
నాలుగిరువైల దాక మంచిగ వచ్చి
ఆడ తప్పిన్రు" అని
గోడదిక్కు తిరిగి పన్నది.

కరెంటు వచ్చింది.
కూలర్ తిరుగుడు షురూ చేసింది
పూడ్చిన గుంట మీద.